మొదటి పేరా, చివరి పేజీ

వారపత్రికల్లో ఆడవాళ్ళ గురించీ, సంసారాల గురించీ వచ్చే తేలికపాటి కథకు ముగింపు మొదటి పేరాలోనే తెలిసిపోతుందని చదువుకున్నవాళ్ళలో ఒక గట్టి నమ్మకం. అలిగిన ఇల్లాలు చివరి పేజీలో అలక మానుతుంది, గయ్యాళి అత్త ఒక్క జ్వరంతో మెత్తబడుతుంది, మొగుడికి సరిగ్గా ఆఖరి పేరా ముందు కళ్ళు తెరుచుకుంటాయి. విరిగిన పాలు తప్ప విరిగినవన్నీ అతుక్కుంటాయి. దీన్ని నమ్మకం అంటే త్రాసుగారు ఒప్పుకోరు. ఆయన లెక్కలో నమ్మకం వేరు, ఫలితం వేరు, ఇది ఫలితం. ఉద్యోగ విరమణ చేసిన దగ్గరనుంచి ప్రతి మధ్యాహ్నం సొంత ఇంట్లో, సొంత భార్య మీద పరీక్షించి తేల్చిన ఫలితం. తూనికలు కొలతల శాఖలో తనిఖీ అధికారిగా బజారులోని ప్రతి త్రాసునూ అనుమానించడమే వృత్తిగా బతికిన మనిషి కనుక బజారు ఆయన అసలు పేరు మరిచిపోయి త్రాసుగారనే పిలిచింది. చివరికి ఇంటికి వచ్చే పాలమనిషి కూడా అలాగే పిలవసాగాడు, ఆయనా పలకసాగారు. ఆ త్రాసుగారు భోజనమయ్యాక కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, భోజనాల బల్ల దగ్గర పత్రిక చదువుకుంటున్న భార్యను, "మొదటి పేరా ఒక్కటి పైకి చదువు" అని అడిగేవారు. ఆవిడ చదివేది. ఆయన కళ్ళు మూసుకుని, "ఆ పిల్ల ఉద్యోగం మానదు, అత్తే వచ్చి బిడ్డను చూసుకుంటుంది, ఇక కానివ్వు" అనేవారు. కాసేపటికి ఆవిడ పత్రిక చప్పున మూసేసేది. అంటే అంచనా నిజమైందన్నమాట. పత్రిక అలా చప్పున మూసుకోని మధ్యాహ్నం ఇంతవరకు లేదు.

ఇప్పుడు త్రాసుగారు పళ్ళ డాక్టరు ముందుగదిలో, గోడవారగా వేసిన బెంచీ మీద, కాళ్ళ మధ్య భార్య ప్రయాణపు సంచి, ఒళ్ళో పత్రిక, చెవి మీద పెన్సిలు పెట్టుకుని కూర్చున్నారు. మూసిన తలుపు వెనక భార్యకు జ్ఞానదంతం పీకుతున్నారు. జ్ఞానదంతానికీ జ్ఞానానికీ ఏ సంబంధమూ లేదని ఆయన దారిపొడుగునా ఆవిడకు వివరించారు. ఆవిడ చెంప పట్టుకుని, "అది నాకు మిమ్మల్ని చూసినప్పుడే తెలిసింది" అంది. ఎదురుగోడ మీద బొమ్మలో ఒక పెద్ద పన్ను, కాళ్ళూ చేతులూ మొలిపించుకుని, ఇంకో చిన్న పన్నుకు బ్రష్షు అందిస్తూ నవ్వుతోంది. పన్ను నవ్వితే ఏ పళ్ళు కనిపించాలన్న ప్రశ్న బొమ్మ వేసినవాడికి తట్టినట్టు లేదు, నవ్వుతున్న పన్నుకు మళ్ళీ నోటినిండా పళ్ళున్నాయి, ఆ పళ్ళు కూడా నవ్వుతుంటే వాటికి, అలా లోపలికి పోతూనే ఉండాలి కదా, ఎక్కడ ఆపాలో తెలియని ఆలోచన కనుక త్రాసుగారు చూపు తిప్పుకున్నారు. గదిలో లవంగ నూనె వాసన. వీధికి అవతల బస్సుల నిలయం. అద్దాల తలుపులోంచి భార్య ఎక్కవలసిన బస్సు కనిపిస్తూనే ఉంది, డ్రైవరు ఇంకా ఎక్కలేదు. ఎక్కవలసిన అన్న మాట తప్పు, ఎక్కే అవకాశం ఉన్న బస్సు. అదే ఇవాళ తేలవలసింది.

సంగతి నిన్న సాయంత్రం మొదలైంది. నిజానికి ఎప్పుడు మొదలైందో, నిన్న సాయంత్రం బయటపడింది. ఆవిడ కత్తెర పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, కళ్ళు సగం మూసుకుని పత్రికలోంచి ఒక కాగితం కత్తిరిస్తుంటే, "చూసుకో, వేలు తెగుతుంది" అన్నారాయన. "చూడకూడదనే గదా తిప్పుకున్నాను" అంది. కాగితాన్ని మడిచి కవరులో పెట్టి జిగురు రాసి, అప్పుడు మొహం ఇటు తిప్పింది. "మీరు ముగింపు కథ చూసి చెప్పరండీ, నా మొహం చూసి చెప్తారు. నేను ముందే తిరగేసి చూసుకునుంటాను గదా, పైకి చదువుతుంటేనే మొహంలో తెలిసిపోతుంది. అందుకని ఈసారి నేనూ చదవలేదు. ఒక్క ముక్క చదవలేదు. తర్వాతి కాగితం మీద బట్టల మరకలు పోగొట్టడం మొదలైంది కాబట్టి దీని ముందుది కథ ఆఖరు. ఈ కవరు రేపు మూడో మనిషి చేతిలో ఉంటుంది. మీ శాఖ పద్ధతే గదా, దొంగ తూకం రాయి పట్టుకుంటే మూడో మనిషి ఎదుట సీలు వెయ్యడం?" త్రాసుగారికి ముందు ఆనందం కలిగింది, ఇన్నేళ్ళ సహవాసంలో ఈ ఇంట్లో శాస్త్రీయ దృష్టి ఒకరికైనా అంటుకుంది. తరువాతి మాటకు ఆ ఆనందం దిగిపోయింది. "మీరు రాసింది నిజమైతే నా సంచి ఇంటికి. తప్పయితే సంచి అక్క ఇంటికి. సంచితో పాటు నేనూ."

"ఎన్నాళ్ళు?"

"చదవడం అయ్యేదాకా."

చదవడం అయ్యేదాకా అంటే ఏమిటి కొలత? గజమా, వీశెమా? భార్య అక్కగారు, అంటే తన వదినగారు, ఇల్లంతా పత్రికలు పేర్చి, గోడ పడిపోకుండా అవే ఆపుతున్నాయన్నట్టు బతికే మనిషి. ఆ ఇంట్లో చదవడం అవడమన్నది సముద్రం చెంబుతో తోడడం అవడం వంటిది. త్రాసుగారు కాళ్ళ మధ్య ఉన్న సంచిని బూటుతో కొద్దిగా తోశారు. కదల్లేదు. ఇంకాస్త తోశారు. సంచి బరువును బట్టి రోజులు అంచనా కట్టవచ్చు, రోజుకు ఇన్ని బట్టలని. గది మూలన ఒక బరువు చూసే యంత్రం ఉండనే ఉంది, వచ్చినప్పటినుంచి దాని ముల్లు సున్నాకు కొంచెం అవతల నిలబడి ఉండటం చూసి ఆయన చేయి దురద పెడుతూనే ఉంది. సంచి మోసుకెళ్ళి దాని మీద పెట్టబోయి, యంత్రాన్ని నమ్మడం ఎలాగని ముందు తానే ఎక్కి, తన బరువు తనకు తెలుసు కనుక తేడా మనసులో రాసుకుని, దిగి, సంచి పెట్టి, తేడా తీసేసి చూశారు. నోరు తెరిచారు. ఈ బరువుకు సరిపడా బట్టలు ఆవిడకు మొత్తం జీవితంలో లేవు.

"రాళ్ళేమైనా మోస్తున్నావా బాబూ?" అంది బెంచీ మీది మామ్మ. కట్టుడు పళ్ళకు అచ్చు తీయించుకోవడానికి వచ్చింది. ఖాళీ నోరు మూసుకున్నప్పుడు గడ్డం వెళ్ళి ముక్కును పలకరిస్తోంది.

"పుస్తకాలండీ, అనుకుంటాను."

"అనుకోవడమెందుకు, జిప్పు తీసి చూడరాదూ?"

"సంచి నాది కాదు" అన్నారు త్రాసుగారు. దొంగ త్రాసువాళ్ళ గల్లాపెట్టె కూడా ఆయన ఏనాడూ వాళ్ళు చూడకుండా తెరవలేదు. తిరిగి వచ్చి కూర్చుని, పత్రిక తెరిచి, పెన్సిలు చెవి మీద నుంచి దింపారు. పీకుడు గదిలోంచి సన్నని ఈల వంటి చప్పుడు వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చింది. మొదటి పేరా.

బట్టల దుకాణంలో పొద్దుటినుంచి దీపాలు పెట్టేదాకా నిలబడి గుడ్డలు చింపి ఇచ్చే ఒక ఇల్లాలు. కూర్చుంటే యజమాని ఊరుకోడు, బేరం లేనప్పుడు కూడా నిలబడే ఉండాలి. సాయంత్రం ఇంటికి వస్తుంది. మొగుడు మంచం మీద వాలి ఉన్నాడు, మరిది ఉన్న ఒక్క స్టూలు మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు, అత్తగారు వంటింటి గుమ్మం దగ్గర బోర్లించిన బకెట్ మీద కూర్చుని బఠానీలు వలుస్తోంది. ఆమె గోడకు ఆనుకుని నిలబడి, రేపు ఒక కుర్చీ కొంటాను అనుకుంటుంది. అక్కడికి పేరా అయిపోయింది. త్రాసుగారికి ముగింపు కూడా అయిపోయింది. కుర్చీ కొంటుంది, దాని మీద గొడవవుతుంది, మొగుడు క్షమాపణ చెప్పి కుర్చీలో కూర్చోబెడతాడు, ఇంతే గదా! అదీ కాక రచన బిగువుగా లేదు. బకెట్ బోర్లించి ఉందా వెల్లకిలా ఉందా ఎవడిక్కావాలి, బఠానీలు వలిస్తే ఏమిటి చిక్కుళ్ళు తుంచితే ఏమిటి. ఆ వాక్యం కింద గీత గీసి, పక్కన అంచులో 'అనవసరం' అని రాశారు. తనిఖీ నివేదికల్లో గుమాస్తాలు పెట్టే పూలూ తీగలూ కొట్టేసిన పెన్సిలే అది, ఇప్పటికి సగమైంది. అయినా కథ మొత్తం చదవడం ధర్మం. మూట పైపొర చూసి తూకం రాయకూడదు.

కుర్చీ ఇల్లాలు (ఆయన ఆమెకు ఆ పేరే పెట్టుకున్నారు) చేతులున్న కుర్చీ ఒకటి కొని తోపుడుబండి మీద ఇంటికి తెచ్చింది. మొదటిరోజు ఎలా ఉందో చూద్దామని మొగుడు కూర్చున్నాడు. రెండోనాడు బలంగా ఉందో లేదో చూద్దామని కూర్చున్నాడు. మరిది కాళ్ళు చాపుకోవడానికి మంచం మీద కూర్చుని కుర్చీని వాడాడు. ఆరని బట్టలు దాని వీపు మీద ఆరాయి, పిల్లి దాని ఒళ్ళో ఈనింది, పిల్లలు కళ్ళు తెరిచేదాకా కదల్చకూడదన్నారు. ఆమె దుకాణంలో నిలబడి వచ్చి, ఇంట్లో కుర్చీ పక్కన నిలబడింది. చేతుల కుర్చీలో వాలిన మొగుడు ఆమెతో ప్రేమగా అంటాడు కదా, "ఏమే, ఇందులో కూర్చుంటే నడుంనొప్పి ఇట్టే పోతోందే. నువ్వు కూడా ఎప్పుడైనా కూర్చో." త్రాసుగారు పైకే నవ్వేశారు, గట్టిగా, ఊహించకుండా, నవ్వు గదిలో తిరిగి ఆయన దగ్గరికే వచ్చింది.

నవ్వి, ఉలిక్కిపడ్డారు. ముగింపు తెలిసిన కథలో నవ్వు రాకూడదు గదా, ముందే తెలిసిన చక్కిలిగింత చక్కిలిగింత కాదు. పైగా ఆ మాట ఎక్కడో విన్నట్టుంది. 'ఈ కిటికీ దగ్గర గాలి ఎంత బాగా వస్తుందో, నువ్వు కూడా ఎప్పుడైనా' ఎవరన్నారు? ఎవరో అన్నారు. ఉద్యోగ విరమణ చేసిన మర్నాడు కిటికీ పక్క కుర్చీలో ఎవరో మొదటిసారి కూర్చుని అన్నారు. అంతకు ముందు ఆ కుర్చీలో మధ్యాహ్నాలు ఎవరుండేవారో ఆయనకు చూసిన జ్ఞాపకం లేదు, మధ్యాహ్నాలు ఆయన బజారులో ఉండేవారు. కానీ సెలవు పెట్టి జ్వరంతో ఇంటికొచ్చిన ఒకనాడు తలుపు తోయగానే కనిపించిన దృశ్యం ఒకటి ఉంది, కుర్చీలో పైకి మడుచుకున్న రెండు పాదాలు, పాదాల మీద ఎండ, పాదాల పైన పత్రిక, పత్రిక వెనక ఎవరో తనలో తాను నవ్వుకుంటున్న భుజాలు. ఆ భుజాలు తనను చూడగానే లేచి నిలబడ్డాయి, జ్వరమా, కషాయమా అన్నాయి. సరే, దానికీ దీనికీ పోలిక లేదు. కథలో కుర్చీకి చేతులున్నాయి. తమ ఇంట్లో కిటికీ పక్క కుర్చీకి చేతులు లేవు. రెండు వస్తువులను పోల్చాలంటే కనీస లక్షణాలు కలవాలి. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకోవడం హేతువాదికి తగని పని. త్రాసుగారు భుజం మీదికి ఎందుకో వెళ్ళిన చేతిని కిందికి దించుకున్నారు.

"పళ్ళ డాక్టరు దగ్గర నవ్వే మనిషిని ఇప్పుడే చూస్తున్నా" అంది మామ్మ. "కళ్ళజోడు మరిచొచ్చాను. అదేదో పైకి చదువు, మేమూ నవ్వుతాం."

చదివారు. మొదట గొణుగుతూ, తరువాత సాక్ష్యం వినిపిస్తున్నట్టు స్పష్టంగా. చీటీలిచ్చే అమ్మాయి చీటీలివ్వడం మానేసింది. బుగ్గ వాచి రుమాలు కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, రుమాలు చెవిమీదనుంచి జరిపి విన్నాడు. సెలవురోజు మొగుడు కుర్చీలోనే కూర్చుని, మంచినీళ్ళు, మంచినీళ్ళు అని మూడుసార్లు కేకేసి, నీళ్ళు తాగి, గ్లాసు పెట్టి రావడానికి లేచాడు. లేవడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదలు. ఆ లేచిన క్షణంలో ఇల్లాలు కుర్చీ ఎత్తి నెత్తిన పెట్టుకుని, నాలుగు కాళ్ళు ఆకాశానికి చూపిస్తూ గుమ్మం దాటింది. వీధి చివర బస్టాపు దాకా అలాగే నడిచింది. అక్కడ దించి, కూర్చుని, చేతుల మీద చేతులు ఆనించి, సంచిలోంచి ఒక పత్రిక తీసింది. దాని తరువాత పత్రికలో కత్తెర పళ్ళు కొరికిన అంచు, అటుపైన బట్టల మీద సిరా మరకలు పోవాలంటే ఏం చేయాలో.

"అదేంటి, అయిపోయిందా?" అంది మామ్మ.

త్రాసుగారు పందెం సంగతి చెప్పారు. కవరు ఆ చీటీల అమ్మాయి సొరుగులోనే ఉందని కూడా చెప్పారు. అందరూ సొరుగు వైపు చూశారు. అమ్మాయి సొరుగుకు అడ్డంగా మోచెయ్యి పెట్టింది.

"మొగుడొస్తాడు" అన్నారు త్రాసుగారు. "వచ్చి, తప్పయిందంటాడు. ఆమె కుర్చీతో సహా ఇంటికెళ్తుంది."

"వస్తాడులే, కుర్చీ కోసం. పెళ్ళాం కోసమని ఎవరన్నారు?" అంది మామ్మ.

"మా ఆయనైతే రాడు సార్" అంది చీటీల అమ్మాయి. "ఫోను చేసి, ఎలాగూ బజారు దాకా వెళ్ళావు గదా, వచ్చేటప్పుడు పాలు పట్రా అంటాడు."

బుగ్గ వాచినాయన మాట్లాడలేక, చూపుడువేలును అటూ ఇటూ తిప్పి, తరువాత వేలితో దూరంగా చూపించాడు. ఆమె ఇక రాదని ఆయన ఉద్దేశం. ఆయన కళ్ళలో ఏదో సొంత అనుభవం మెరిసింది కానీ వాపు దాన్ని బయటికి రానివ్వలేదు.

ఓట్లు రుజువులు కావు. త్రాసుగారు భార్య వరుస నంబరు వేసి ఇచ్చిన చీటీని వెనక్కి తిప్పి పెన్సిలు మొన దానికి ఆనించి, ఆపేశారు. ఆగడం ఎందుకో ఆయనకే తెలియలేదు. రాయి, భర్త వస్తాడని రాయి. కానీ ఈ మొగుడు మంచినీళ్ళ కోసం లేవనివాడు, బస్టాపు దాకా ఎలా వస్తాడు? కథలో ఆధారం లేదు. వాన వస్తుందా? ఆమె తడుస్తూ ఇంటికి పరుగెత్తుతుందా? ఎక్కడా మబ్బు తునక కూడా వర్ణించలేదు, బఠానీలు వర్ణించడానికి తీరింది గానీ. బస్సెక్కి వెళ్ళిపోతుందా? చేతుల కుర్చీ అడ్డంగా బస్సు తలుపులో పట్టదు. నిలువుగా తిప్పి, ముందు వీపు, తరువాత కాళ్ళు దూర్చితే పడుతుందేమో గానీ, కండక్టరు కుర్చీకి టికెట్ అడగడా, కూర్చోవడానికి సొంత ఏర్పాటు ఉన్నవాళ్ళు బస్సులో నిలబడినట్టా కూర్చున్నట్టా? ఆయన ఒకప్పుడు పంచదార దుకాణంలో త్రాసు పళ్ళెం కింద అయస్కాంతం పట్టుకున్నారు; పట్టుకోవడానికి ముందు మూడు గంటలు ఆ పళ్ళెం నిజాయితీగా కనిపిస్తూనే ఉంది, కింద ఏదో లాగుతున్నదని చేతికి తెలుస్తోంది కానీ కంటికి కనిపించడం లేదు. ఇప్పుడూ అలాగే ఉంది. పెన్సిలును ఏదో ఒక వైపు లాగుతోంది. ఏది లాగుతున్నదో చూడటానికి ఆయన తనలోకి వంగి చూసుకుని, వెంటనే వెనక్కి వచ్చారు, ఎందుకంటే అక్కడ కథలోని ఇల్లాలు లేదు. సంచి ఉంది, వీధికి అవతల బస్సు ఉంది, డ్రైవరు ఎక్కి కూర్చుని తలుపు వేసుకుంటున్నాడు. ఆమె ఇంటికి రావాలి. రావాలి అన్నది రుజువు కాదు, కోరిక. కోరికను అంచనాగా రాసిన కుర్ర తనిఖీదారులను ఎంతమందిని చీవాట్లు పెట్టారు! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడికీ తనకూ తేడా ఏముంది? అన్నీ తెలిసే, పెన్సిలు నొక్కి, మొన విరిగేలా రాశారు: 'భర్త వస్తాడు. తప్పయిందంటాడు. ఆమె ఇంటికి వస్తుంది.' మడిచి చీటీల అమ్మాయికి ఇచ్చారు.

"ఇటిస్తావా బాబూ, బొమ్మలు చూసుకుంటాను" అని మామ్మ పత్రిక తీసుకుంది. ఇక దానితో పనిలేదు, పరిశీలన ముగిసింది, ఇచ్చేశారు. అప్పుడే తలుపు తెరుచుకుంది. భార్య బయటికి వచ్చింది, బుగ్గలో దూది, కళ్ళలో నీళ్ళు, చేతిలో చిన్న పొట్లంలో పన్ను. వెనక నుంచి డాక్టరు, "గట్టిగా కొరికి పట్టుకోండమ్మా, సాయంత్రం దాకా మాట్లాడకూడదు" అని, త్రాసుగారి వైపు ప్రత్యేకంగా చూసి, "మాట్లాడించకూడదు" అన్నాడు. తరువాత మామ్మను పిలిచాడు. మామ్మ పత్రిక చంకన పెట్టుకునే లోపలికి వెళ్ళింది. తలుపు పడింది.

భార్య చీటీల అమ్మాయి వైపు చెయ్యి చాచింది. చీటీ చూసింది. దూది మీదుగా ఒక్క శ్వాస వదిలింది, అది నవ్వో నిట్టూర్పో త్రాసుగారికి అర్థం కాలేదు. ఎందుకంటే ఆవిడ మొహం వాచిపోయి, ఇన్నాళ్ళూ తెరిచిన పుస్తకంలా ఉన్నది ఇవాళ మూసుకుని ఉంది. చీటీల అమ్మాయి కవరు చింపి కాగితం విప్పి, గొంతు సవరించుకుంది. బుగ్గ వాచినాయన రుమాలు పూర్తిగా తీసేశాడు. బస్సు వచ్చి ఆగిందట. కండక్టరు ఎక్కుతారా అన్నాడట, ఆమె తల అడ్డంగా ఊపిందట, బస్సు వెళ్ళిపోయిందట. త్రాసుగారు తెలియకుండానే భార్య వైపు ఒక అడుగు జరిగారు. పొద్దు వాలుతోందట. వీధి మొగలో ఎవరో వస్తున్నారట, ఎండ కళ్ళలో పడి ఎవరో తెలియడం లేదట, చేతిలో ఏదో పట్టుకుని, తడబడుతూ, కానీ ఆగకుండా, ఆమె వైపే. "చూశారా!" అన్నారు త్రాసుగారు. "ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది" అని చదివి అమ్మాయి ఆగిపోయింది. కాగితం వెనక్కి తిప్పింది. వెనక తలనూనె ప్రకటన. మళ్ళీ ముందుకు తిప్పింది.

"ఇంకేం లేదు సార్. అడుగున చిన్న అక్షరాలతో ఉంది. 'ముగింపు యాభై ఎనిమిదో పేజీలో.'"

చోటు చాలనప్పుడు కథ తోకను తెచ్చి చివరి పేజీల్లో, ప్రకటనల సందుల్లో ఇరికించడం పత్రికలవాళ్ళ పాత అలవాటు. అది భార్యకు తెలియంది కాదు. చూడకుండా కత్తిరించడమే పద్ధతి కనుక చూడలేదు. ముగింపు ఇంతసేపూ త్రాసుగారి ఒళ్ళోనే ఉంది. ఇప్పుడు మామ్మ ఒళ్ళో ఉంది. నలుగురూ మూసిన తలుపు వైపు తిరిగారు. లోపలినుంచి డాక్టరు, "నోరు కదపకండి మామ్మగారూ, అచ్చు గట్టిపడాలి" అంటున్నాడు.

వీధికి అవతల బస్సు హారను మోగించింది.

త్రాసుగారు నిలబడి విన్నారు. ఆవిడకు వినిపించి ఉండకపోవచ్చు, మత్తు ఇంకా దిగలేదు. ఊరుకుంటే చాలు. దొంగ త్రాసు కూడా ఊరుకునే ఉంటుంది, పళ్ళెం కింద అయస్కాంతం పెట్టుకుని. "నీ బస్సు" అన్నారాయన. భార్య తల తిప్పకుండా అరచెయ్యి పైకెత్తింది. ఆగండి అన్నట్టు. ఆవిడ కళ్ళు మూసిన తలుపు మీదే ఉన్నాయి, జ్వరం వచ్చిన ఆ మధ్యాహ్నం పత్రిక వెనక నవ్వుకున్న భుజాల్లో కనిపించిన ఉత్సాహమే ఆ కళ్ళలో. బస్సు ఇంకోసారి మోగించి, కదిలి, మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

మామ్మ నోటినిండా గులాబీరంగు ముద్దతో తలుపు దగ్గర కనిపించింది, ఇంకా అచ్చు గట్టిపడలేదు, గొడవేమిటో చూద్దామని లేచి వచ్చింది. డాక్టరు వెనక నుంచి అరుస్తున్నాడు. చీటీల అమ్మాయి ఆమె చంకలోంచి పత్రిక లాగి, వెనక పేజీలు తిప్పి, మోకాళ్ళ నొప్పుల తైలానికీ గళ్ళ నుడికట్టుకూ మధ్య వేలు పెట్టి, నిలబడే చదివింది. వస్తున్నది అత్తగారు. చేతిలో బకెట్. రొప్పుతూ వచ్చి, బకెట్‌ను కుర్చీ పక్కన బోర్లించి, దాని మీద కూర్చుంది. "నువ్వు కుర్చీ మోసుకుపోవడం చూశాక తెలిసిందే అమ్మాయ్, ఈ బకెట్ కూడా మోసుకుపోవచ్చని" అంది. పత్రికలోకి తొంగి చూసి, "ఏం చదువుతున్నావు? పైకి చదువు, నేనూ వింటాను" అంది. కోడలు లేచి, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తాను బకెట్ మీద కూర్చుని పైకి చదవసాగింది. అంతే కథ.

భర్త ముగింపులో ఎక్కడా రాలేదు. మొదటి పేరాలో బకెట్ ఉన్న వాక్యం కింద గీత, పక్కన పెన్సిలుతో 'అనవసరం' అని ఉన్నాయి. తరువాతి బస్సు సాయంత్రానికి ఉంటే భార్య దానిలో అక్క ఇంటికి వెళ్ళింది. సంచి త్రాసుగారే ఎక్కించారు. ఆవిడ తిరిగి వచ్చేదాకా కిటికీ పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.